రుసాంక నీడ కొలత

ఆ రోజు రుసాంక కావాలనే దారానికి అడ్డం నిలబడిందా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

రుసాంక మా పక్కింటావిడ. ముప్పై ఏళ్లు ఈ రొడోపి కొండల్లో ఉత్తరాలు పంచింది. ఆమె ముత్తాత రాతిపని మేస్త్రి. మా దక్షిణపు లోయల్లో తొమ్మిది వంతెనలు కట్టాడట. మోకాళ్లు మొరాయించేలోగా తొమ్మిదీ దాటి రావాలని డెబ్భై మూడో ఏట పట్టుబట్టింది. ఏడు వంతెనలకు నేనూ తోడు వెళ్లాను. ప్రతి వంతెన నడుమా కూర్చుని ఆలుగడ్డ రొట్టె తినేది. ముత్తాత పేరు చెప్పి ఒక్క గుక్క రకియా, అదే మా పళ్ల సారా, రాళ్ల మీద పోసి, మిగతా సీసా తనే ఖాళీ చేసేది.

"పాపం, ఆయనకి ఒక్క గుక్కేనా?" అంటే, "పోయినవాడికి చలేస్తుందా ఏమిటి, పంతులమ్మా!" అనేది.

ఏడో వంతెనకు మరమ్మతు జరుగుతోంది. అక్కడ పనిచేసే కుర్ర మేస్త్రి దారం పట్టి పిట్టగోడ కొలుస్తున్నాడు. రుసాంక వెళ్లి ఎండలో నిలబడింది. దారం ఆమె నీడ పొడవునా సాగింది. అతని చేతులు ఆగిపోయాయి. మనిషి నీడ కొలిచిన దారాన్ని గోడలో పెడితే కట్టడం నిలుస్తుందనీ, ఆ మనిషి నలభై రోజుల్లో పోతాడనీ మావాళ్ల నమ్మకం.

"అయ్యో అవ్వా, చూసుకోలేదు! పారేస్తానుండు."

"ఆగరా అబ్బాయ్! కొలిస్తే సరిగ్గా కొలవాలి. టోపీ వదిలేశావే?"

దారం లాక్కుని, ఉండ చుట్టి, తడిసున్నంలో తన వేలితోనే కూరింది.

"ఈ వంతెనలకి ఎవరెవరి నీడలు వాడుకున్నాడో మా ముత్తాత. మా ఇంటివాళ్ల నీడ ఒక్కటైనా ఉండొద్దూ?"

"ఇంకా రెండు వంతెనలున్నాయక్కా," అన్నాను.

"నలభై రోజులున్నాయిగా, చాలవా?"

మర్నాడే ఆమె మోకాలు వాచింది. మంచం దిగలేదు. రోజూ పొద్దున్నే పెరుగు వంకతో వెళ్లి తొంగిచూసేదాన్ని.

"బతికే ఉన్నానులే! గిన్నె అక్కడ పెట్టి పో," అని లోపలినుంచి కేక.

ముప్పై తొమ్మిదో రోజు కర్ర లేకుండా పెరట్లో నడిచింది. నలభయ్యో రోజు పొద్దున పొగగొట్టంలో పొగ లేదు. తలుపు కొట్టాను, పలకలేదు. కిటికీలోంచి చూశాను. పక్క చక్కగా సర్ది ఉంది. మేకుకు టపా సంచీ లేదు, అలమరలో రకియా సీసా లేదు. కిటికీ బయటి గట్టు మీద గుడ్డ కప్పిన పళ్లెం ఉంది; గుడ్డ తీస్తే సగం ఆలుగడ్డ రొట్టె, ఇంకా గోరువెచ్చగా.

ఎనిమిదో వంతెన వైపు వెళ్లే తొలి బస్సు అప్పటికే కొండ దిగుతోంది. నాతో ఒక్క మాటైనా చెప్పలేదు, మహాతల్లి! ఆమె మెట్ల మీదే కూలబడి, ఒక్కదాన్నే నవ్వుకుంటూ నా వాటా తిన్నాను.