ఎంకపల్లిలో నా గొంతు

చేవెళ్ల దవాఖానలో ఒక కొత్త బీపీ మందును పరీక్షిస్తున్న రోజుల్లో, దాని సమాచారమంతా భద్రపరిచే సిస్టమ్ మా టీమే తయారుచేసింది. అందులో ఫోన్ కాల్స్ నా పని. మందు వాడేవాళ్లకు పొద్దున్నే కంప్యూటరే ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. బాగుంటే ఒకటి, లేకపోతే రెండు నొక్కాలి. ఏదీ నొక్కకపోతే బాగున్నట్టే రాసుకుని ఫోన్ పెట్టేస్తుంది. టెస్టింగ్ కోసం నా గొంతు రికార్డు చేశాం. చివరికి అదే ఉండిపోయింది.

ఒకరోజు అక్కడి నర్సు ఫోన్ చేసింది. ఎంకపల్లిలో ఒక అవ్వ మాటిమాటికీ పడిపోతోందట. అడిగితే చెప్పదు. సిస్టమ్‌లో మాత్రం రోజూ బాగున్నట్టే ఉంది. పడేది మందు వల్లేనా అన్నది డాక్టర్‌కు వెంటనే తెలియాలి.

"మా సిస్టమ్ కరెక్టే, మీరే సరిగ్గ అడుగుతలేరు!" అని అరిచి, నేనే అడుగుదామని స్కూటీ మీద మొయినాబాద్ దాటి ఎంకపల్లి వెళ్లాను. నర్సు అప్పటికే అవ్వ ఇంట్లో ఉంది.

గడపలో నిలబడి "అవ్వా" అన్నాను.

బియ్యం ఏరుతున్న చేయి ఆగింది. అవ్వ నా వైపు చూడలేదు. పక్కనున్న ఫోన్ వైపు చూసింది.

"మోగకుండనే మాట్లాడుతున్నవేందే?" అని దాన్నే అడిగింది.



"ఎందుకు పడుతున్నవో జర ఈ మేడమ్‌కు చెప్పవ్వా," అంది నర్సు.

"ఎన్నిసార్లు చెప్పాలె? ఫోన్ల మాట్లాడే పిల్లకు రోజు చెప్తనే ఉన్న. గీమె ఎవలో గానీ ఆ పిల్ల గొంతు పట్టుకొచ్చింది. నాకు భయమైతున్నది, పంపియ్యి."

"ఆ పిల్లను నేనే!" గట్టిగా అరిచాను.

అవ్వ ఫోన్‌ను కొంగులో దాచుకుంది.

బయటికొచ్చి, గోడ వెనక నిలబడి నా ఫోన్ నుంచి ఆమెకు కాల్ చేశాను. రికార్డులో ఉన్నట్టే, అదే సాగదీతతో "నమస్తే. ఈ రోజు ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను. గోడ అవతల స్పీకర్లో ఆ మాటే ఒక్క క్షణం ఆలస్యంగా మళ్లీ వినిపించింది.

"గోళి ఏసుకున్నంక లేస్తే కండ్లకు చీకట్లొస్తున్నయ్ బిడ్డా. గట్లనే పడుతున్న."

ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకున్నాను.

"ఏందే, ఇయ్యాల పెట్టేస్తలేవు?"

"వింటున్న అవ్వా. చెప్పు."

 మొదటి గోళి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. నర్సు గడపలో నిలబడి రాసుకుంది.

ఆ సాయంత్రమే డాక్టర్ ఆమెకు ఆ మందు ఆపేశాడు. ఆమె నంబరు కాల్స్‌లోంచి తీసేశాను.

నాలుగు రోజులకు పొద్దున్నే నా ఫోన్ మోగింది. ఆమె నంబరే. నేను నోరు తెరవకముందే, "ఇప్పుడు చీకట్లొస్తలేవు బిడ్డా," అంది అవతలి గొంతు. నేను "అవ్వా" అనేలోగా పెట్టేసింది.