చెంగమ్మ నడక మీద నా అభిప్రాయం

ఆదివారం పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. పోవాల్సింది కుప్పం. అక్కడ ఒక పెద్దావిడ నా మీద అలిగి ఇంట్లో కూర్చుంది.

నేను గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాను. ఇంటికొచ్చాక ఫోనులో సినిమాలు చూస్తాను. పెద్ద హీరోలవి కాదు. విదేశాలవి, మన దగ్గర సొంత డబ్బులతో తీసుకునే చిన్న సినిమాలూను. చూసినవాటి మీద అభిప్రాయం రాసి ఫోను గ్రూపులో పెడతాను. మెచ్చుకుంటే సంతోషం. మెచ్చుకోకపోతే కోపమొస్తుంది, దాచుకోవడం దేనికి?

పోయిన నెల, ఆ గ్రూపులోనే ఉండే కుప్పం టీచరు సరిత నలభై నిమిషాల సినిమా తీసి నాకు పంపింది. పట్టుపురుగుల షెడ్డులో కూలికి పోయే ఆడమనిషి కథ. వేషం వేసింది సరిత తల్లి చెంగమ్మే. ఆమె మల్బరీ ఆకు మోపు నెత్తిన పెట్టుకొని గట్టు వెంబడి నడిచే దృశ్యం ఒకటుంది. మాటల్లేవు, నడకే. "మోపు మోసే మనిషి అలా ఉరుకుల మీద నడవదు. నటన కుదరలేదు" అని రాసిపారేశాను. కూతురు ఆ మాట తల్లికి చదివి వినిపించింది. ముప్పై ఏళ్లు ఆకు మోసిన మనిషి ఆమె. ఈ ఆదివారం కుప్పంలో ఆ సినిమా వేస్తున్నారు, ఆమె రానని కూర్చుంది.

"మోపెత్తుకోని నడిసేదే నాకు తెలీదన్నాడంట గదా ఆ సారు, ఇంగ నలుగుర్లో నా మొగం యాల సూపించల్ల అని మాయమ్మ అంటాండాది సార్. మీరొచ్చి ఒక మాట సెప్పండి" అని సరిత ఫోను చేసింది.

సరే, నటనంటే ఏమిటో ఆమెకు వివరిద్దామని బయల్దేరాను.

ఏడూ నలభైకి పుంగనూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. చెనిక్కాయల చట్నీ బాగుంది, ఇడ్లీ చల్లారిపోయింది. కుప్పానికి నేరుగా బస్సు ఎప్పుడో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఎనిమిదింబావుకు పలమనేరు బస్సు దొరికింది. ఇటుగా వచ్చేవాళ్లు పలమనేరులో మారడమే మేలు.

పక్క సీట్లో ఖాసిం సాబు. ఒకప్పుడు పుంగనూరులో జట్కా తోలాడట, ఇప్పుడు పలమనేరులో కూతురింటికి పోతున్నాడు. నేను ఫోను తీసి, చెంగమ్మకు చూపిద్దామనుకున్న విదేశీ సినిమా పెట్టుకున్నాను. కొండల దేశంలో ఒక తండ్రి ముసలి గుర్రాన్ని సంతకు తోలుకుపోయి అమ్మే కథ. "నడకంటే ఇదీ! ఆ తండ్రి అడుగులో తొందర, తెగింపు కనిపిస్తాయి" అని గ్రూపులో అప్పటికే దాన్ని ఆకాశానికెత్తేశాను.

ఖాసిం సాబు కాసేపు తొంగి చూసి, "ఏమప్పా, ఈ గుర్రానికి ఏమయిండాది?" అన్నాడు.

"ఏమీ కాలేదు. ముసలిది, నడుస్తోంది."

"కాళ్లేసేది నడకే. పొయ్యే జోరు నడకది కాదు. తల సూడు, ఎట్ల ఎగర్తాండాదో. గుర్రం ఇట్ల నడవదప్పా. నీ సెల్లుకే ఏదో అయిండాది."

నవ్వొచ్చింది. అయినా తెర మీద వేలు పెట్టాను. మూలలో వేగం చూపించే చిన్న అంకె: ఒకటి పాయింటు ఇరవై ఐదు. మూడు నెలల కింద ఆఫీసువాళ్లు ట్రైనింగు వీడియోలు చూసి తీరాలంటే, త్వరగా వదిలించుకుందామని వేగం పెంచాను. మళ్లీ తగ్గించలేదు. అప్పట్నుంచి ప్రతి సినిమానూ పరిగెత్తించే చూశాను. విదేశీ భాషలు నాకెలాగూ రావు, తేడా తెలియలేదు. సరిత సినిమాలో మాటలు గబగబా వినిపిస్తే, కుప్పం వాళ్లు అంతేనేమో అనుకున్నాను. ఛీ, ఎంత సిగ్గుచేటు!

పలమనేరులో దిగేసరికి మదనపల్లె బస్సు ఎదురుగానే ఉంది. ఒంట్లో బాగాలేదని సరితకు మెసేజు కూడా టైపు చేశాను. "యాడికి పోతావప్పా? కుప్పం బస్సు ఆడుండాది సూడు" అని ఖాసిం సాబు చెయ్యి పట్టుకొని చూపించాడు. మెసేజు చెరిపేసి ఎక్కాను.

వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదకొండున్నర. సరిత స్కూటీ మీద ఇంటికి తీసుకెళ్లింది. చెంగమ్మ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది, తలెత్తలేదు. నిలబడే చెప్పాను.

"నీ నడక తప్పు కాదమ్మా. సెల్లులో స్పీడు పెంచి చూశాను, చూసుకోకుండా రాశాను. తప్పు నాది."

ఆమె చెయ్యి ఆగింది. "స్పీడు పెంచేది యాల సారూ? నీకంత తొందర పనేముండాది?"

ఆఫీసు ట్రైనింగు వీడియోల సంగతి చెప్పాను.

"మెడ పీకతా ఉండినా నిదానంగా నడిసినా. ఒక్క ఆకు రాలనీలే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం తనే అన్నం వడ్డించింది. గుర్రం సంగతి చెబితే విని ఖాసిం సాబును మెచ్చుకుంది. ఆనక చీర మార్చుకొని వచ్చింది.

మూడు గంటలకు ఒక కల్యాణమండపంలో సినిమా వేశారు. ఆ దృశ్యం వచ్చింది. గట్టు మీద ప్రతి అడుగూ చూసి వేస్తోంది, మోపు కదలడం లేదు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. ఆ ఆగడం నాకు ఫోనులో కనబడనే లేదు. ముందు వరసలోంచి చెంగమ్మ వెనక్కి తిరిగి, "ఇప్పుడు సూడు సారూ" అంది అందరూ వినేలా. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లు మాత్రం చెమర్చాయి.

ఐదింబావుకు తిరుగు బస్సు. పొద్దున్నే బయల్దేరితే ఒక్కరోజులో హాయిగా పోయి రావచ్చు; వి.కోటలో టీ తాగండి, బాగుంటుంది. వి.కోట దాటాక సరిత ఫోను.

"అమ్మ అడగమంటాండాది సార్. ఆ గుర్రం సినిమా గురించి మళ్లా రాయరా అని."

"దాన్ని నేను మెచ్చుకున్నానమ్మా."

"మెచ్చుకున్నా సూడకుండానే గదా అంటాండాది."

ఫోను పెట్టేశాక అంకెను ఒకటికి దించి, ఆ సినిమా మళ్లీ మొదటినుంచి పెట్టాను. తండ్రి గుర్రాన్ని పట్టుకొని నడుస్తున్నాడు. తొందరా లేదు, తెగింపూ లేదు. ఆయనకు అసలు పోవాలనే లేదు. పలమనేరు వచ్చింది, వాళ్లిద్దరూ ఇంకా సంతకు చేరలేదు.