మా తమ్ముడు వద్దన్న రోజు

నా చిన్నప్పుడు బొంబాయి కామాటిపురలోని మా చాల్‌లో తెల్లవారడమంటే నల్లాకు నీళ్ళు రావడమే. గదుల ముందున్న గ్యాలరీ చివర నల్లా బుసకొట్టగానే ప్రతి గదిలోంచీ బిందెలు, బకెట్లు బయటికి వచ్చేవి. ఆడవాళ్ళ మాటలు, ఇత్తడికి ఇత్తడి తగిలిన మోత, తడి నేల మీద చెప్పుల చప్పుడు. ఆరేసిన చీరల మధ్య నుంచి ఎండ సన్నగా, రంగురంగులుగా మా గడప దాకా దిగేది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు ఆ వెలుతురే గుర్తుకొస్తుంది. ఆ వెనకే మా తమ్ముడి అరుపు.

వాడికి మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. పొద్దున్నే ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడ్చేవాడు, తన చెయ్యి తానే కొరుక్కునేవాడు. మణికట్టు మీద పళ్ళ గాట్లు ఎప్పుడూ పచ్చిగానే ఉండేవి. ఒక్కోసారి మెట్ల వైపు పరుగెత్తేవాడు. మా నాన్న మేస్త్రీ, చీకటితోనే పనికి వెళ్ళిపోయేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ పనికి రెండు చేతులూ కావాలి. అందుకని పాత చీర పేలిక వాడి నడుముకు చుట్టి, రెండో కొస కిటికీ ఊచకు కట్టేది. కట్టేటప్పుడు వాడి ముఖం చూసేది కాదు. వాడు కొరుక్కోవడం మొదలుపెడితే ముడి విప్పి, గది మధ్యన కట్టిన పరదా వెనక్కి తీసుకుపోయేది. గాలి సోకిందని కొందరు అనేవారు. రెండు తగిలిస్తే దారికొస్తాడని ఇంకొందరు.

పక్కింటి అక్క మాత్రం ఏమీ అనేది కాదు. వాళ్ళ అత్తగారు పక్షవాతంతో మాట పోయి చాలా ఏళ్ళు మంచంలోనే ఉంది. ఆమెకు దప్పికో నొప్పో కనురెప్పల కదలికను బట్టి తెలుసుకుంటూ అక్క సేవ చేసింది. ఆ ముసలామె పోయాక అక్కకు పొద్దున్నపూట కాస్త తీరిక దొరికినట్టుంది. ఒకరోజు తునికాకుల చాట ఒళ్ళో పెట్టుకుని మా గడపలో వచ్చి కూర్చుంది. బీడీలు చుడుతూ తమ్ముణ్ణి చూస్తూ ఉండేది, అంతే. వాడు ఏడ్చినా లేచేది కాదు. అలా కొన్ని పొద్దులు గడిచాయి. రోజూ వచ్చి ఊరికే చూస్తూ కూర్చోవడం ఇదేం చోద్యమని అమ్మ నాతో గొణిగింది కూడా.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం, గ్యాలరీ అంతా నిద్రపోతున్నప్పుడు, అక్క అమ్మ పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"వదినా, వానికి బిందెల సప్పుడు పడుతలేదు. నల్లాకాడ లొల్లి మొదలైనంకనే కొర్క్కుంటుండు. కొర్క్కోంగనే నువ్వు ఉరికొచ్చి పరదా ఎనకకు తీస్కపోతున్నవు. ఆడ సప్పుడు తక్కువ. ఆ కొర్కుడే వాని మాట. మాటను మార్చుదాం, వాని బాధను కాదనొద్దు."

అమ్మ ఒళ్ళోని చాట పక్కన పెట్టింది. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ పేలిక ముడి విప్పింది. అది మళ్ళీ కట్టగా నేను చూడలేదు.

మర్నాటి నుంచి అక్క నల్లా రాకముందే వచ్చి తమ్ముడి పక్కన కూర్చునేది. మొదటి బిందె మోగగానే, వాడి చెయ్యి నోటి దాకా పోకముందే, దాన్ని మెల్లగా పట్టుకుని తన అరచేతిలో పెట్టుకునేది. పెట్టీ పెట్టగానే వాణ్ణి పరదా వెనక్కి తీసుకుపోయేది. ఒక్క క్షణం ఆలస్యం చేసేది కాదు. నువ్వు చెప్పావు, నేను విన్నాను అని వాడికి తెలియాలట. రోజులు గడిచేకొద్దీ అక్క పట్టు సడలింది. మణికట్టు పట్టుకోవడం మానేసి మోచేతిని తాకేది. తరవాత అదీ లేదు, అరచెయ్యి చాచి ఊరుకునేది. ఒక పొద్దున చీరల నీడ వాడి ముఖం మీద ఊగుతుండగా, వాడంతట వాడే చెయ్యి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అమ్మ చేతిలోని బీడీ విడిపోయి ఆకు కింద పడింది. అక్క నవ్వుతూనే లేచి వాణ్ణి లోపలికి తీసుకుపోయింది.

ఆ తరవాత అమ్మకూ, నాన్నకూ, నాకూ కూడా నేర్పింది. వాడు ఎవరి చేతిలో చెయ్యి పెట్టినా పని ఆపి తీసుకెళ్ళాలని గట్టిగా చెప్పింది. ఇంకొన్ని పనులు కూడా వాడికి కొంచెం కొంచెంగా అలవాటు చేసింది. ఖాళీ దారపు రీలు నేల మీద గిర్రున తిరుగుతుంటే వాడికి లోకం పట్టేది కాదు. అది కనిపెట్టి, గ్లాసు తెమ్మన్నప్పుడు వాడు దాని వైపు చూసినా, ముట్టుకున్నా, తరవాత్తరవాత తెచ్చి ఇచ్చినా, వెంటనే రీలు తిప్పేది. ఒకావిడ, పస్తు పెడితే ఇంకా తొందరగా నేర్చుకుంటాడని సలహా ఇచ్చింది. "అన్నం వానిది. దాంతోని బేరం ఆడొద్దు" అంది అక్క.

ఆ ఏడే మా పెదనాన్న పాలమూరు వైపు మా ఊరి నుంచి వచ్చాడు. ఊరి దగ్గర వాతలు పెట్టి ఇలాంటి పిల్లలను బాగుచేసే మనిషి ఉన్నాడట. తమ్ముణ్ణి అక్కడ వదిలేద్దామని, మాకు భారం తగ్గుతుందని ఆయన ఆలోచన. ఆయన చెడ్డవాడు కాదు. రైల్లో రాత్రంతా నిలబడి వచ్చింది మా కోసమే. పెద్దన్న మాటకు నాన్న ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అందుకే వద్దని సూటిగా అనలేక, పిల్లాడు మారాడని, చెప్పిన వస్తువు తెచ్చి ఇస్తున్నాడని, చూసి చెప్పమని అడిగాడు.

ఆ సాయంత్రం మా గది నిండిపోయింది. గడపలో గ్యాలరీ వాళ్ళు. నాన్న జిలేబీలు తెచ్చాడు. పెదనాన్న ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు. అక్క నేల మీద కూర్చుని, గ్లాసు తెచ్చివ్వమని తమ్ముణ్ణి అడిగింది. వాడు గ్లాసు వైపు చూశాడు. గడపలోని ముఖాలను చూశాడు. తరవాత నడిచి వచ్చి అక్క అరచేతిలో చెయ్యి పెట్టాడు.

అక్క లేవబోయింది. నాన్న జిలేబీ పట్టుకుని అడ్డం వచ్చాడు. ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"ఒక్కపారి చేపియ్యి చెల్లె. ఒక్కపారే. లేకుంటె అన్న తీస్కపోతడు."

 వాతల సంగతి అక్కకూ తెలుసు. అయినా వాడి చెయ్యి వదల్లేదు.

"వద్దంటుండు అన్నా. గిట్ల చెప్తె ఇంటమని మనమే నేర్పినం. మనకు అక్కెర వడ్డనాడు ఇనకుంటె, వాడు మల్ల కొర్క్కునుడే."

నాన్న పక్కకు జరిగాడు. అక్క వాణ్ణి పరదా వెనక్కి తీసుకుపోయింది.  ఇంతమందిమి కూర్చుంటే వాడు చేసిందేమిటని, చెయ్యి పెట్టి వెళ్ళిపోవడమా అని పెదనాన్న అడిగాడు. కోపంగా కాదు, జాలిగా. రేపు పొద్దున్నే బయలుదేరదీయమన్నాడు.

మా అమ్మ ఆయన ముందు ఏనాడూ నోరు విప్పి ఎరగదు. కొంగు సర్దుకుని, నేల చూపులు చూస్తూనే అంది.

"బావా, నిరుడైతె ఇంతమందిని జూసి చెయ్యి రక్తం జేసుకుంటుండె. ఇయ్యాల అడిగి లోపలికి పోయిండు. నా కొడుకు మాట్లాడిండు. నేను పంప."

పెదనాన్న చల్లారిపోయిన చాయ్ మొత్తం తాగాడు.  జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయాక నాన్న ఆ జిలేబీని తమ్ముడి పళ్ళెంలో ఊరికే పెట్టాడు, ఏ పనీ చెప్పకుండా. మర్నాడు పెదనాన్న ఒంటరిగానే రైలెక్కాడు. వెళ్ళేముందు తమ్ముడి ముందు కాసేపు నిలబడ్డాడు. తల నిమరబోయి, ఎందుకో ఆగి, వాడి ముఖంలోకి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తమ్ముడికి చివరిదాకా మాటలు రాలేదు. పెద్దయ్యాక నాగ్‌పాడాలో అట్టపెట్టెల కార్ఖానాలో పని చేశాడు. యంత్రాల మోత ఎక్కువైతే బయటికి వచ్చి ఎండలో నిలబడేవాడు. యజమాని ఏమీ అనేవాడు కాదు. వాడు పోయి చాలా కాలమైంది. అక్క కూడా లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా మనవరాలు ఈ మధ్యే ఇలాంటి పిల్లలకు నేర్పే కేంద్రంలో పనికి కుదిరింది. ఇప్పుడు ఆ పనికి పెద్ద చదువే ఉందట. పిల్లవాడు ఏదైనా చేసేముందు ఏం జరిగింది, చేశాక వాడికి ఏం దొరికింది, రెండూ చూడాలని చెబుతారట. తెలుగు, మరాఠీ కలిపి అది చెబుతుంటే నాకు మా గడపలోని చాట కళ్ళముందు ఆడింది. ఒక సాయంత్రం దిగులుగా వచ్చింది. తను నేర్పుతున్న ఒక పిల్లవాడి అమ్మానాన్నలు చూడ్డానికి వస్తున్నారట. వాడేమో పాఠం చెప్పబోతే దీని చెయ్యి తోసేస్తున్నాడట.

"ఆజీ, వాళ్ళ ముందర వాడు చెయ్యకుంటె నాకేం రాదనుకుంటరు" అంది.

నేను సలహా ఏమీ ఇవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ సాయంత్రం కథ చెప్పాను. అది వింటూ వింటూ నా ఒళ్ళో తల పెట్టుకుంది. మర్నాడు కేంద్రంలో తన పైన ఉన్న ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పిందట, వాడికి ఇష్టం లేదని. ఆమె కూడా ఆపేద్దామనే అన్నదట. ఏం కష్టమవుతున్నదో చూసి, పాఠాన్నే మారుద్దామన్నదట.

నేను పెద్దగా చదువుకోలేదు. పిల్లలను కన్నాను, పెంచాను, వాళ్ళ పిల్లలను ఎత్తుకున్నాను. కోపాలూ, మొండితనాలూ చాలా చూశాను. ఆ అక్క దగ్గర కూర్చుని నేర్చుకున్నది ఒకటే నాతో మిగిలింది. మా సందులో ఏ పిల్లవాడైనా రోడ్డు మీద పడి దొర్లుతూ ఏడుస్తుంటే, జనం తల్లిని తప్పుపడుతూ పోతుంటారు. నేను సంచీ కింద పెట్టి నిలబడతాను. ఆ ఏడుపుకు ముందు ఏం జరిగిందో చూడకుండా దాటిపోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.