పురుగులింట్లో గాజుల చప్పుడు

కళ్ళతో చూశానని చెప్పను. చెవులతో విన్నాను. ముప్పయ్యేళ్ళు పత్రికలో పనిచేసినవాణ్ణి. ఒకరు చెబితే చాలదు, ఇంకొకరిని అడిగి రాయండని కుర్రవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి. ఈ ఒక్కదానికి మాత్రం ఇంకో సాక్షి లేడు... మా పట్టుపురుగులు తప్ప. నవ్వండి, పర్వాలేదు. ఆ రాత్రి మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఉద్దనపల్లిలో మా ఇంటి వెనక మల్బరీ తోట ఉంది. తోట పక్కన పురుగులను పెంచే పెద్ద గది. పురుగులిల్లు అంటాం. పోయిన మామిడి కాలంలో పెద్దమ్మాయి రేవతిని కాన్పుకు కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చాం. నేను, నా భార్య సరోజ అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. పురుగులేమో ఆఖరి దశలో ఉన్నాయి. అప్పుడు వాటి ఆకలి అంతా ఇంతా కాదు. ఒక్క పూట మేత తప్పినా అవి అల్లుకునే పట్టుగూళ్ళు పలచబడతాయి.

"నేను చూసుకుంటా, మీరు పోండి," అంది చిన్నమ్మాయి పవిత్ర. దానికి పద్దెనిమిది నిండబోతున్నాయి. కోయంబత్తూరు హాస్టల్లో ఉండి చదవాలని ఆశ. ఆడపిల్ల ఒంటరిగా ఎట్లా ఉంటుందని సరోజ అడ్డం.

"ఈ పంట నువ్వొక్కదానివే గూటికెక్కించు. అప్పుడు చూద్దాం హాస్టల్ మాట," అని పందెం కట్టినట్టు చెప్పి బస్సెక్కింది సరోజ.

కొన్నాళ్ళకు ఒక రాత్రి రేవతికి ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, గుప్పెళ్ళు బిగించుకొని, ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది. నేను ఫోన్ తీశాను. సరోజ లాక్కుంది.

"పవిత్రకు చెప్పొద్దండి!"

"ఏమి?"

"పురుడు వింటే దానికీ మైల. ఇంక పురుగులింట్లో కాలు పెట్టకూడదు. ఆకు ఎవరేస్తారు, మీ పేపరోళ్ళా?"

మా వైపు పద్ధతి అది. కబురు చెవిన పడితేనే మైల. వినకపోతే లేదు. అల్లుడికీ చుట్టాలకూ కూడా గట్టిగా చెప్పింది, పిల్లకు ఎవరూ ఫోన్ చేయొద్దని.

తీరా చూస్తే, పాపను చుట్టడానికి తీసిపెట్టిన పాత చీరల మూట ఇంట్లోనే మరిచిపోయాం. నేను అల్లుడి బండి తీశాను.

"మీరూ విన్నారు. పురుగులింట్లోకి పోవద్దు. నోరు తెరవద్దు," అంది సరోజ.

రాయకోట దాటాక రోడ్డు మీద నేనొక్కణ్ణే. తాతనయ్యాను కదా... పాడుకుంటూ పోయాను. వినేవాళ్ళు లేకపోవడం వాళ్ళ అదృష్టం.

ఊళ్ళో కరెంటు లేదు. ఇంటి ముందు బండి ఆపాను. ఇంజను ఆగింది.

వాన చప్పుడు.

తలెత్తాను. నిండా చుక్కలు... ఒక్క మబ్బు లేదు.

ఓహో, పురుగులు. వేలాది పురుగులు ఆకు కొరికితే అచ్చం వానే. కానీ... పడుకోబోయే ముందు వేసిన ఆకు ఈ వేళకు అయిపోవాలి. చప్పుడు అణిగిపోవాలి. ఇది అప్పుడే వేసిన ఆకు. పాపం, పిల్ల ఇంకా మేలుకొనే ఉందనుకొని కిటికీ దగ్గరికి నడిచాను. లోపల చీకటి.

గల్... గల్...

గాజులు. ఆగింది. సర్రుమని కొమ్మ పరిచిన చప్పుడు. మళ్ళీ గల్... ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. పిల్లలను నిద్రపుచ్చే రాగం.

"పవి..." అనబోయాను.

పవిత్ర గాజులు వేసుకోదు.

ఇంటి వైపు ఎట్లా పరుగెత్తానో తెలియదు. తలుపు బాదాను. జుట్టు చెదిరి, కళ్ళు నలుపుకుంటూ వచ్చింది పవిత్ర.

"ఏమి నాయనా, ఇంత రేతిరిలో?"

"పురుగులింట్లో ఎవరుండారు?"

"ఎవరుంటారు? బీగంచెవి నా దిండు కిందనే ఉండాది."

టార్చి పట్టుకొని పోయాం. గాజులు లేవు. రాగం లేదు. వాన మాత్రం ఉంది. తలుపుకు తాళం వేసినట్టే ఉంది. పురుగులకు రోగం అంటకుండా, తాళం వేశాక గడప ముందు సున్నం పొడి చల్లడం మా అలవాటు. టార్చి కిందికి దించాను... తెల్లగా, చదునుగా, దుప్పటి పరిచినట్టు. దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

పవిత్ర తాళం తీసి లోపలికి పోయింది. నేను గడప బయటే నిలబడ్డాను. అక్కడి నుంచే ఒక్కో అర మీదా టార్చి వేశాను.

"నాయనా..."

"ఏమి?"

"మూలలో అన్నిటికన్నా కింది అరలో నేను ఆకేయలేదు. కోసింది చాల్లేదు. చీకట్లో ఒక్కదాన్నే తోటలోకి పోను భయమేసింది. పురుగులు పస్తుంటాయేమో, అమ్మకు ఏమి చెప్పేదా అని ఏడ్చి పడుకున్నా. ఇప్పుడు చూస్తే... నిండా ఉండాది. తడి ఆకు."

బయటికి వచ్చి నా ముఖంలోకి చూసింది.

"అక్కకు పాప పుట్టిందా?"

"ఎవరు చెప్పినారు?"

"నిద్రలో ఎవరో వీపు తట్టినట్టు... 'పాప పుట్టింది, నువ్వు పడుకో' అని. ఎవరి గొంతో తెలీలేదు."

ఫోన్ తీసి చూపించింది. ఒక్క కాల్ లేదు. నేను అవుననలేదు, కాదనలేదు. కానీ నా మూతి నా మాట వినలేదు. నవ్వు చెవుల దాకా పోయింది. పిల్ల కేక పెట్టి గంతులేసింది. ఉన్నట్టుండి ఆగింది.

"అయితే నాకూ మైలేనా? కలలో విన్నది విన్నట్టా, నాయనా?"

"నన్నడగొద్దు. నేను నోరే తెరవలేదు."

"నువ్వు చెప్పలేదు. అయితే నేను వినలేదు," అని తేల్చేసింది. గంప, కొడవలి తీసుకొని తోటలోకి నడిచింది. ఆ చీకట్లోనే. ఒక్కతే.

పంట గూటికెక్కింది. గూళ్ళు గట్టిగా వచ్చాయి. ఇప్పుడు పవిత్ర కోయంబత్తూరులో ఉంది. ఆకు వేసిందీ, కబురు చెప్పిందీ నేనేనని సరోజ ఇప్పటికీ అంటుంది. పోనీ, వచ్చినవాళ్ళంతా ఆమె మాటే నమ్ముతారు. మనవరాలు కూడా ఆమె పక్షమే, బోసినోటితో నవ్వుతుంది.

నేను మాత్రం రాత్రిపూట పురుగులింటికి పోతే, తాళం తీసే ముందు ఒకసారి గట్టిగా దగ్గుతాను.

లోపల ఎవరైనా పనిలో ఉంటే... వాళ్ళకు తెలియాలి కదా.