గ్లాసు అడుగున గీత

ఎవరైనా ఊరికే నవ్వితే హవల్దార్ సుంకప్పకు మనసు కుదుటపడదు. ఏం చేస్తాం, పదిహేడేళ్లు మిలటరీలో మందుపాతరలు వెతికిన మనిషి. నున్నగా ఉన్న నేలనే ముందు అనుమానించాలని అక్కడ నేర్పారు. తర్వాత మాజీ సైనికుల కోటాలో తాలూకా ఆఫీసులో ఎనిమిదేళ్లు బంట్రోతు ఉద్యోగం. దానికి రాజీనామా ఇచ్చి, కల్మల అనే ఊరి అవతల సొంతూళ్లో పోటీ చేసి గెలిచి, గ్రామ పంచాయతీ అధ్యక్షుడయ్యాడు. ఊరి చివర మాదిగగేరి నుంచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్న మొదటివాడు.

ఊళ్లో మర్యాదలకేం తక్కువ లేదు. బస్టాండు దగ్గర సూగురేశ్ తన హోటల్లో బెంచీ తుడిచి మరీ కూర్చోబెడతాడు. "రండి అధ్యక్షరే" అని గౌరవంగా పిలుస్తాడు. టీ మాత్రం పేపర్ కప్పులో ఇస్తాడు. అక్కడే సుంకప్పకు ముల్లు గుచ్చుకుంది. సూగురేశ్ తండ్రి కాలంలో గేరివాళ్ల గ్లాసులు బయట చూరులో దోపి ఉండేవి. తీసుకోవాలి, తాగాలి, కడిగి మళ్లీ దోపాలి. ఇప్పుడు తను గెలిచిన వారానికే లోపలి స్టీలు గ్లాసులు మాయమై అందరికీ పేపర్ కప్పులొచ్చాయి. శుభ్రం కోసమట.

"టీ తాగనీకి పోతున్నవా, దొంగను పట్టనీకి పోతున్నవా?" అని భార్య హనుమవ్వ దెప్పింది.

"దొంగ ఉన్నడో లేడో తెల్వాలె గద," అన్నాడు.

ఫిర్యాదు చేద్దామంటే సాక్ష్యమేది? పేపర్ కప్పు తాగి పారేస్తే సాక్ష్యమూ చెత్తబుట్టలోకే పోతుంది. అందుకని మోరీలు పూడిపోతున్నాయని చెప్పి, హోటళ్లలో పేపర్ కప్పులు బంద్ అని పంచాయతీలో ఠరావు పెట్టాడు. సభ్యులంతా చేతులెత్తారు. మెచ్చుకున్నారు కూడా.

మర్నాడు పన్నెండు స్టీలు గ్లాసులు బయటికొచ్చాయి. సుంకప్పకూ ఒకటి ఇచ్చారు. తాగేసి, ఎవరూ చూడకుండా, ఫైళ్లు కుట్టే దబ్బనంతో దాని అడుగున చిన్న గీత గీశాడు.

రెండో రోజు చేతికొచ్చిన గ్లాసు తిప్పి చూస్తే గీత ఉంది. పన్నెండింట్లో ఒకటి, కలిసొచ్చిందేమో అనుకున్నాడు. అలాగే అయితే బాగుండునని నిజంగా కోరుకున్నాడు. మూడో రోజూ అదే. ఐదో రోజు ఓరకంట చూశాడు. ఎంగిలి గ్లాసులన్నీ తొట్టిలో ఉన్నాయి, తనది చక్కెర డబ్బా వెనక విడిగా ఉంది. ఎనిమిదో రోజూ అదే గ్లాసు రావడంతో హనుమవ్వకు అంతా చెప్పాడు. ఇంత అవమానం ఏ సరిహద్దులోనూ ఎరగడు.

ఆమె "ఇంగ ఠాణాకు పోతవా?" అంది.

"పోత. ముందు ఒక్కసారి టీ తాగి పోత."

మర్నాడు పొద్దున్నే హోటల్ కిటకిటలాడుతుండగా వెళ్లాడు. "సూగురేశ్, పంచాయతీ తనిఖీ. గ్లాసులన్ని ఈడ పెట్టు."

పదకొండు బల్ల మీదికొచ్చాయి.

"డబ్బా ఎనకది గూడ."

సూగురేశ్ దాన్నీ తెచ్చి పెట్టాడు. సుంకప్ప నింపాదిగా గ్లాసులన్నీ బోర్లించి, గీత లేని పదకొండింటికీ ఒక్కొక్క గీత గీశాడు. తర్వాత అన్నింటినీ కలిపేశాడు.

"నేను తాగిన గ్లాసుకు గీత పెట్టిన. ఎనిమిదో రోజుదాంక అదే నాకు ఒచ్చె. ఇప్పుడు అన్నిటికి ఉంది. నాదేదో నాకు గూడ తెల్వదు. అందరికి పొయ్యి."

సూగురేశ్ పోశాడు. ఠరావుకు చేతులెత్తిన సభ్యులు నలుగురు అక్కడే ఉన్నారు. ఒకాయన గ్లాసెత్తి అడుగు చూసి దించేశాడు. పక్కాయనా అంతే. ఇంకొకాయనకు బస్సు టైమైందని గుర్తొచ్చింది. టీల మీద మీగడ కట్టింది.

ఆ పొద్దు అక్కడ టీ వేడిగా తాగింది సుంకప్ప ఒక్కడే. ఖాళీ గ్లాసు మిగతా వాటి మధ్యనే పెట్టి, ఠాణా దారి పట్టాడు. ఇక అతనికి ఎవరి మీదా అనుమానం లేదు.