పేరు పక్కన మా గల్లీ

బొంబాయిలో కామాటిపుర అనగానే ఎదుటివాళ్ల ముఖం ఎలా మారిపోతుందో మాకు చిన్నప్పుడే తెలుసు. ఒంటిగది కాపురాల చాళ్లలో తెలుగువాళ్లుండే గల్లీలు వేరు, మీరనుకునే సానికొంపల గల్లీలు వేరని చెప్పినా ఎవరూ వినరు. అందుకే అక్క తన ఆఫీసులో "బొంబాయి సెంట్రల్ దగ్గరుంటాం" అని ఊరుకునేది.

అక్క మా చాళ్లో మొదటి ఇంజనీరు. ఒక ప్రభుత్వ ఆఫీసులో కట్టడాల పని చూసేది. బాపు మేస్త్రీ. అక్క చదివిన కాన్వెంటులోనే నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఎనభైల నడుమ ఆ బడికి యాభై ఏళ్లు నిండాయి. వేడుకకు అచ్చువేసే పుస్తకంలో పైకొచ్చిన పాత విద్యార్థినుల జాబితా వేస్తామనీ, అందులో అక్క పేరుంటుందనీ మా ప్రిన్సిపాల్ నాతో కబురంపింది. ఆవిడను అందరం మదర్ అనేవాళ్లం.

బాపు ఆ సాయంత్రమే చాళ్లో ప్రతి గడపా తొక్కి చెప్పి వచ్చాడు. అక్క మాత్రం నన్ను వెంటబెట్టుకుని మదర్ దగ్గరికి వెళ్లింది.

మదర్ టైపు చేసిన కాగితం చూపించింది. ఒక డాక్టరు, ఒక జడ్జి, సినిమాల్లో పాడే ఆవిడ, ఇంకా కొందరు. చివర అక్క పేరు. దాని పక్కన మాత్రం 'కామాటిపుర' అని ఉంది.

"మిగతావాళ్లు ఎక్కడుంటారో రాయలేదేం మదర్?" అని అక్క అడిగింది.

"వాళ్లవి రాసి ఏం లాభం?"

"మరి నాది రాస్తే?"

మదర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "మీ గల్లీల పిల్లలు ఏడో తరగతి కాగానే మానేస్తున్నారు. వాళ్ల తండ్రులకు ఎవరిని చూపించమంటావు? విరాళాలిచ్చేవాళ్లకు ఎవరిని చూపించను?"

"పిల్లల కోసమైతే క్లాసుకొచ్చి మాట్లాడతాను. ఆ పుస్తకం మా గల్లీలో ఎవరూ చదవరు. ఆఫీసులో మాత్రం చదువుతారు. అక్కడ ఇప్పటికే నేనొక్కదాన్నే ఆడదాన్ని."

మదర్ కలం తీసి ఆ ఒక్క మాటా కొట్టేసింది. ఆవిడది కోపమో, బాధో నాకు అర్థం కాలేదు.

ఈ సంగతి బాపుకు చెప్పొద్దని అక్క అంది.

ఆ రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతో వచ్చాడు. ముందు వరుసలో అక్క పై ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురు కూడా మా బడేనని అక్కకు అప్పుడే తెలిసింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పుస్తకాలు పంచారు. బాపుకు ఇంగ్లీషు రాదు. నా ఒళ్లో పెట్టి, "సదువు బిడ్డా" అన్నాడు.

చదివాను.

"మన గల్లీ పేరేది?"

"లేదు బాపూ."

"లేకుంటే గీమె నా బిడ్డనే అని ఎట్ల ఎరుకైతది? గీ పేరోళ్లు బొంబైల ఎందరు లేరు!"

అక్క నెమ్మదిగా, "నేనే వద్దన్న బాపూ" అంది.

ఆయన ముఖం నల్లబడింది. "మన గల్లీ పేరు చెప్పుకోను షరమా నీకు? మా తాతలు గీ షహర్ కట్టిండ్రు!" అంటూ లేచి నిలబడ్డాడు. గొంతు పెద్దదైపోయింది. వేదిక మీది మదర్‌ను చూసి హిందీలో, "మా కామాటిపుర పేరు ఎందుకు తీసేశారమ్మా?" అని అడిగేశాడు. హాలంతా వెనక్కి తిరిగింది. ఆ ఆఫీసరు కూడా తిరిగాడు.

మదర్ ఏమన్నా చెప్తుందేమోనని నేను ఆవిడ వైపే చూశాను. అక్క లేచి బాపు పక్కన నిలబడింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈయన మా నాన్న. మాది కామాటిపురే" అని హిందీలోనే చెప్పింది. తర్వాత ఆయనను బయటికి నడిపించుకుపోయింది.

ఇంటికొచ్చాక అక్క ఒకటే మాట అంది. "చెప్పాల్నా వద్దా అన్నది నా ఇష్టం బాపూ. నువ్వు గుంజుకున్నవ్." బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలా రోజులు వాళ్లిద్దరూ మా అమ్మ ద్వారానే మాట్లాడుకున్నారు.

ఆఫీసులో అక్కతో కలిసి తినే ఒకాయన డబ్బా పట్టుకుని వేరే బల్లకు మారాడు. ఇంకొకడు వెకిలిగా ఏదో అడిగితే అక్క అతని ముందే ఫైలు మూసి లేచి వచ్చేసింది. ఆ పై ఆఫీసరు మునుపటిలా కుర్చీ చూపించి కూర్చోమనడం మానేశాడట. అక్క ఉద్యోగం మానలేదు.

జూన్‌లో బడి తెరిచే ముందు పక్క గల్లీ నుంచి ఒక కూలీ తన కూతుర్ని తీసుకుని మా ఒంటిగది ఖోలీకి వచ్చాడు. ఏడో తరగతి అయిపోయిందట, మాన్పిద్దామనుకుని, ఆ వేడుక సంగతి విని ఆగాడట. "పెద్దోళ్ల ముందట నీ బాపు లేసి అడిగిండంట గద, నిజమేనా?" అని అక్కను అడిగాడు. ఆ పిల్లను మదర్ దగ్గరికి అక్కే తీసుకెళ్లింది.

అలాంటి జాబితాల వల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ వెంటనే జవాబు రాదు. ఆ కూలీ పుస్తకం చూడలేదు. చూసినా చదవలేడు. కానీ ఆ పుస్తకమే లేకపోతే బాపు ఆ రోజు లేచి నిలబడేవాడూ కాదు. అయినా అక్క చెల్లించిన మూల్యం మాత్రం ఏ పేజీలోనూ లేదు. ఆ పిల్లను బడిలో చేర్చి వచ్చిన రోజు అక్క నేరుగా బాపు ముందుకెళ్లి, "ఛాయ్ తాగినవా?" అంది. ఆయన లేదని తల ఊపాడు. అక్క స్టవ్ వెలిగించింది.