కార్డులకు బోర్డు కట్టిన మేడమ్

ఈ ఉదయం మంగంపేటలో ఒక కంప్యూటర్ మూత విప్పగానే ముగ్గురాయి గనుల దుమ్ము, వేడెక్కిన ఫ్యాను కలిసిన వాసన గుప్పుమంది. వెంటనే రజియా మేడమ్ గుర్తొచ్చారు. కడపలో నెట్‌వర్క్ పనులు చేసే ఆమె దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కర్నూలు సంతల్లో బట్టలమ్మే ఇంట్లో పెరిగిన నాకు అప్పటికి వచ్చిన విద్య బేరమొక్కటే.

ఇదే ఊళ్లో, లారీలు తూచే కాటా దగ్గర మేమొక లినక్స్ కంప్యూటర్ పెట్టాం. అందులో రెండు నెట్‌వర్క్ కార్డులు, ఒకటి కాటాకు, ఒకటి ఇంటర్నెట్‌కు. కరెంటు పోయి వస్తే చాలు, eth0, eth1 అనే వాటి పేర్లు ఒక్కోసారి తారుమారయ్యేవి. బరువు తెర మీదికి వచ్చేది కాదు, లారీలు బారులు తీరేవి. నేను వెళ్లి వెనక తీగలు అటుదిటూ ఇటుదటూ మార్చి, ఘనకార్యం చేసినవాడిలా తిరిగొచ్చేవాణ్ణి. మళ్లీ కరెంటు పోయేది.

చివరికి కాటా యజమాని మేడమ్‌ను పిలిపించి, "ఇంగొకసారి కాటా నిలబడిందంటే మీ డబ్బా మీరు ఎత్తుకపోండిమా" అన్నాడు. గనుల దగ్గర మాకది మొదటి పని. అది చెడితే ఈ దారిలో మమ్మల్ని ఇంకెవరూ పిలవరు. నేను గడువు కోసం బేరం మొదలెట్టాను.

"నీ బేరం చాలుగానీ ఈడ కూచోప్పా" అన్నారు మేడమ్. "సంతలో మీ నాయన గుడ్డలు యాడ పరిచేటోడు?"

"ముందొచ్చినోళ్లకు ముందు చోటు మేడమ్. వారం వారం మారతాంటాది."

"ఈడా అదే జరుగుతాండాది. ముందు లేచిన కార్డు eth0 అయితాండాది. సంత వద్దు, కొట్టు పెట్టి బోర్డు కడదాం."

ప్రతి కార్డుకూ తయారీలోనే ఒక సొంత చిరునామా పడి ఉంటుంది. ఏ చిరునామాకు ఏ పేరో చెప్పే చిన్న ఫైలు కార్డుకొకటి రాయబోయారామె. పాత పేర్లే ఉంచుదామన్నాను. "ఆ పేర్లు యంత్రం తనంతట తాను పంచుతాది. మనమూ అవే పెడితే కొట్లాటే. కొత్తవి చెప్పు." నాకు తోచింది చెప్పేశాను: కాటా, బయట. ఆమె పకపకా నవ్వి అవే రాశారు. సెట్టింగుల్లోనూ అవే పేర్లు వేసి, లేచి యజమాని వైపు తిరిగారు.

"మెయిన్ మీరే ఆపండన్నా."

ఆయన ఆపాడు, వేశాడు. తెర వెలిగింది, కాటా ఎక్కిన లారీ బరువు టక్కున పడింది! "ఇంగోసారి" అన్నాడు. మళ్లీ పడింది! ఇంకోసారి! డ్రైవర్లు ఈలలు వేశారు. "శానా మొండిదిమా ఇది!" అని యజమానే నవ్వేశాడు.

ఇప్పుడు నేను సొంతంగానే పనులు చేస్తున్నాను. ధర దగ్గర నా నోరు ఇవాళ్టికీ ఊరుకోదు. పని అయిందని మాత్రం నోటితో చెప్పను. ఈ ఉదయం కూడా, "గ్యారంటీ ఏమప్పా?" అని అడిగిన కొత్త మేనేజరుకు పక్కకు జరిగి స్విచ్ వైపు దారిచ్చాను.

"మెయిన్ మీరే ఆపండన్నా."